తప్పైందన్న మాట కోసం సియాటిల్ నుంచి వాంకూవర్ దాకా

మొదటి రోజు, గురువారం, సియాటిల్

ఈ ప్రయాణానికి కారణం మా మేనకోడలి స్కూలు ప్రాజెక్ట్. తొమ్మిదో క్లాసు చదువుతోంది. వాషింగ్టన్ రాష్ట్ర చరిత్రలో ఏదో ఒక సంఘటన తీసుకుని, దాన్ని ఆ ఊరు ఇవాళ ఎలా గుర్తుపెట్టుకుందో స్వయంగా వెళ్ళి చూసి రాయాలట. క్లాసులో సగం మంది బోయింగ్ విమానాలు ఎంచుకుంటే, ఇది మాత్రం 1885లో టకోమా ఊరు తనలో ఉన్న చైనావాళ్ళందరినీ ఒకే రోజులో వెళ్ళగొట్టిన సంగతి పట్టుకుంది. నేను సియాటిల్ పక్కనున్న బాతెల్‌లో తమ్ముడింట్లో దిగి మూడు వారాలైంది, మాల్స్ అంటే మొహం మొత్తేసింది, అందుకని నేనూ వస్తానన్నాను. వింటూ వింటూ ఇంకో రెండు ఊళ్ళు తోడయ్యాయి, చివరికి అది కెనడా దాకా పోయింది. నాకు కెనడా వీసా తమ్ముడు ముందే తీయించి పెట్టాడు కాబట్టి సరిపోయింది.

ఇవాళ తమ్ముడు ఆఫీసుకి, పిల్ల స్కూలుకి వెళ్ళిపోతే నేనూ మా మరదలూ సియాటిల్ చైనాటౌన్‌కి వెళ్ళాం. అక్కడ వింగ్ లూక్ మ్యూజియం ఉంది. వింగ్ లూక్ అంటే 1962లో సియాటిల్ సిటీ కౌన్సిల్‌కి గెలిచినాయన, ఈ రాష్ట్రంలో ఎన్నికల్లో నెగ్గిన మొదటి ఆసియా సంతతి మనిషి, 1965లో విమాన ప్రమాదంలో పోయాడు. మ్యూజియం ఉన్న బిల్డింగ్ 1910లో చైనావాళ్ళు తలా కొంత వేసుకుని కట్టుకున్నది. పైఅంతస్తుల్లో పాతకాలం లాడ్జి గదులు అలాగే ఉంచారు, గైడు తీసుకెళ్ళి చూపిస్తారు. ఒక్కో గది ఎంత ఉందంటే, మా మరదలు రెండు చేతులూ చాపితే ఇంచుమించు రెండు గోడలూ అందేలా ఉన్నాయి. అలాస్కాలో చేపలు డబ్బాలకెక్కించే ఫ్యాక్టరీల సీజన్ అయిపోయాక కూలీలు చలికాలం అంతా వీటిలోనే గడిపేవాళ్ళట. "వదినా, మా హైదరాబాద్ హాస్టలే నయం" అంది.

సియాటిల్‌లో కూడా వెళ్ళగొట్టడం జరిగింది, 1886 ఫిబ్రవరి 7న. పొద్దున్నే గుంపు ఇంటింటికీ వెళ్ళి సామాన్లు బళ్ళ మీదకి ఎక్కించి, సుమారు 350 మందిని రేవు దగ్గరికి తోలుకొచ్చింది, శాన్‌ఫ్రాన్సిస్కో వెళ్ళే స్టీమర్ ఎక్కించడానికి. తరవాత ఊళ్ళో సైనిక పాలన పెట్టాల్సి వచ్చింది. ఇంత జరిగినా ఊరు వదలకుండా నిలబడ్డ కొద్దిమందిలో చిన్ గీ హీ అనే వ్యాపారి ఒకడు. ఇక్కడ కూలీలని కుదిర్చిపెట్టే కాంట్రాక్టులు చేసి, రైలు పనులు చేయించి, ముసలితనంలో చైనాలో తన జిల్లాకి తిరిగి వెళ్ళిపోయి అక్కడ సొంతంగా రైలుమార్గం వేయించాడు. నాకు ఈయన భలే నచ్చాడు. ఈయన మీద ప్రాజెక్ట్ చేసుకోవే అంటే పిల్ల వినలేదు.

రాత్రి అన్నాల దగ్గర అడిగింది: "అత్తా, అపాలజీని తెలుగులో ఏమంటారు?" క్షమాపణ అన్నాను. "ఇంట్లో అంటారా అలా?" అంది. నిజమే, ఇంట్లో ఎవరంటారు? పత్రికల్లో, కోర్టుల్లో, సినిమా వాళ్ళ ట్వీట్లలో తప్ప. ఇంట్లో అయితే "తప్పైంది" అంటాం. "తప్పైంది అంటే ఇట్ వాజ్ రాంగ్ కదా, సారీ కాదు కదా" అని వాదన. అదే తేడా అని చెప్పాను, మనం ముందు తప్పు అని ఒప్పుకుంటాం, ఆ తరవాత నీ ఇష్టం. ఆ తేడా తనకి ఎంత ఎక్కిందో తెలీదుగానీ ఆ మాట నోట్‌బుక్‌లో ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకుంది.

రెండో రోజు, శుక్రవారం, టకోమా

టీచర్లకి ఏదో ట్రైనింగ్ ఉండి పిల్లకి సెలవు. పులిహోర, పెరుగన్నం కట్టుకుని పొద్దున్నే బయల్దేరాం. ట్రాఫిక్‌లో గంటన్నర. అక్టోబర్ చివర కదా, ముసురు. టకోమాకి పేరు తెచ్చిన రెయినియర్ కొండ ఎక్కడా కనబడలేదు, మబ్బులో ఉందని నమ్మాల్సిందే.

చైనీస్ రికన్సిలియేషన్ పార్క్ అంటే ఏదో పెద్ద స్మారకం అనుకున్నాను. కమెన్స్‌మెంట్ అనే అఖాతం ఒడ్డున, షుస్టర్ పార్క్‌వే అనే రోడ్డుకీ నీళ్ళకీ మధ్య ఉన్న సన్నటి నేల అది. ఒక పక్కన రైలు పట్టాలు, ఇంకాస్త దూరంలో ఓడలకి ధాన్యం ఎక్కించే పెద్ద పెద్ద గాదెలు. శుక్రవారం పొద్దున, వానలో, మేము ముగ్గురం, చేపలు పట్టుకునే ఒకాయన, అంతే. "దీనికా వదినా ఇంత దూరం" అని మరదలు అననే అంది.

అయితే ఆ చోటు ఊరికే ఎంచుకోలేదు. ఆనాటి చైనావాళ్ళ గుడిసెలూ దుకాణాలూ ఈ ఒడ్డునే, ఈ పట్టాల పక్కనే ఉండేవి. నార్తర్న్ పసిఫిక్ రైల్వే 1873లో తన చివరి స్టేషన్‌గా టకోమాని ఎంచుకుంది, ఆ రైలు వేసిన చేతుల్లో చైనా చేతులు చాలా ఉన్నాయి. పని అయ్యాక వాళ్ళలో కొందరు ఇక్కడే ఆగిపోయి లాండ్రీలు, కూరగాయల తోటలు, సరుకుల కొట్లు పెట్టుకున్నారు. ఇంతలో ఆర్థికంగా చెడ్డరోజులు వచ్చాయి, ఉద్యోగాలు లేవు, 1882లోనే అమెరికా చైనా కూలీలు రాకుండా చట్టం చేసేసింది, ఇక ఉన్నవాళ్ళు ఎందుకు అన్న మాట మొదలైంది. నవంబర్ 1 లోపు ఊరు వదలాలని గడువు పెట్టారు. చాలామంది భయపడి ముందే వెళ్ళిపోయారు. మిగిలినవాళ్ళు సుమారు 200.

నవంబర్ 3న కొన్ని వందల మంది గుంపుగా కదిలారు. ముందు నడిచినవాళ్ళలో ఊరి మేయరే ఉన్నాడు, జేకబ్ వైస్‌బాక్, తను కూడా జర్మనీ నుంచి వలస వచ్చినవాడే. (ఈ ముక్క చదివాక మా పిల్ల రెండుసార్లు నన్ను చూసింది, నేను సరిగ్గా చదివానా అన్నట్టు.) ఇంటింటికీ వెళ్ళి తలుపులు బాదారు, సామాను కట్టుకోమన్నారు, వానలో నడిపించుకుంటూ సుమారు 8 మైళ్ళ దూరంలో లేక్‌వ్యూ అనే స్టేషన్ దాకా తోలారు. రాత్రంతా చలిలో, గోడల్లేని షెడ్లలో. ఇద్దరు చనిపోయారు. డబ్బున్నవాళ్ళు టికెట్ కొనుక్కుని పోర్ట్‌లాండ్ రైలెక్కారు, లేనివాళ్ళు గూడ్స్ బళ్ళు పట్టుకున్నారు, ఇంకొందరు పట్టాల వెంట నడిచారు. తరవాతి రోజుల్లో ఇళ్ళు తగలబెట్టారు.

ల్యూం మే అని ఒక వ్యాపారి మరుసటి ఏడు ప్రమాణం చేసి ఇచ్చిన వాంగ్మూలం ఉంది. తన భార్య రానంటే ఇంట్లోంచి లాగేశారని, ఆ రోజు తరవాత ఆమెకి మతి చలించిందని అందులో చెప్పాడు. మిగతాదంతా ఎంత నష్టం, ఏ సరుకు ఎంత అని కొట్టు లెక్క. నాకు ఆ లెక్క పక్కన భార్య మాట రావడమే గుండెల్లో దిగింది. కేసైతే పెట్టారు, మేయరుతో సహా 27 మంది మీద. వాళ్ళు బెయిలు మీద తిరిగొస్తే ఊరంతా ఊరేగింపుతో ఎదురెళ్ళింది. 27 మందీ దిగిన ఫోటో కూడా ఉంది. ఎవరికీ శిక్ష పడలేదు. పైపెచ్చు రక్తపాతం లేకుండా చక్కగా జరిపించాం అని చెప్పుకున్నారు, మిగతా ఊళ్ళవాళ్ళు దానికి 'టకోమా పద్ధతి' అని పేరు పెట్టి మెచ్చుకున్నారు.

ఇక పార్కు సంగతి. 1990ల మొదట్లో ఊళ్ళో ఒక మామూలు మనిషి నగర కౌన్సిల్‌కి ఉత్తరం రాశాడు, ఈ ఒడ్డున అభివృద్ధి పనులు జరుగుతున్నాయి కదా, జరిగినదానికి ఇక్కడ ఒక గుర్తు పెడదామని. 1993 నవంబర్ 30న కౌన్సిల్ తీర్మానం చేసింది. అక్కడి నుంచి విరాళాలు, డిజైన్లు, విడతలు విడతలుగా పనులు, ఏళ్ళూ పూళ్ళూ పట్టింది. కాలిబాట, రాళ్ళు పేర్చిన చిన్న గుట్ట, వంతెన, మధ్యమధ్యలో జరిగింది చెప్పే పలకలు. బాట అలా తిరిగి తిరిగి నీళ్ళ వైపు తీసుకెళుతుంది, అక్కడ ఫూజౌ టింగ్ అనే మండపం. టకోమాకి చైనాలోని ఫూజౌ సోదర నగరం, ఈ మండపం వాళ్ళు ఇచ్చిన కానుక. అక్కడ తయారుచేసి, విప్పి, ఓడలో పంపితే, అక్కడి పనివాళ్ళే వచ్చి ఇక్కడ మళ్ళీ నిలబెట్టారు.

మేము వాన తప్పించుకోవడానికి ఆ మండపం కిందకే చేరాం. పైకి చూస్తే దూలాలు ఒకదానిలో ఒకటి దిగేసిన తీరు, మన పాత మండువా ఇళ్ళలో వడ్రంగం గుర్తొచ్చింది. కప్పు అంచులు పైకి తిరిగి ఉంటాయి కదా, వాననీళ్ళు మూలకి జారి, ఒక్క క్షణం అక్కడ ఆగి, కిందికి కాకుండా కాస్త ముందుకి దూకుతున్నాయి. పిల్ల దాన్నే చూస్తూ చెయ్యి పెట్టింది. సరిగ్గా అప్పుడే గూడ్స్ రైలు వచ్చింది. అది ఆగదు, అలా పోతూనే ఉంది, ఒక పది నిమిషాలు మాటలు వినబడలేదు. డబ్బాలు లెక్కపెడదాం అనుకుని వంద దాటాక వదిలేశాను. అప్పుడు వాళ్ళలో చాలామందిని తీసుకెళ్ళిపోయింది కూడా రైలే. పార్కు కట్టినవాళ్ళు ఎంత ఆలోచించి ఏ శిల్పం పెట్టినా ఈ రైలంత గట్టిగా ఏదీ చెప్పలేదేమో అనిపించింది, అయినా దీన్ని ఎవరూ డిజైన్ చేయలేదు.

పిల్ల పలకలన్నీ తిరిగి తిరిగి చదివి వచ్చి, సారీ కోసం చూశాను అత్తా, రికన్సిలియేషన్ అన్న మాటే పెద్దగా ఉంది అంది. సయోధ్య. ఇద్దరి మధ్యా గొడవైతే సయోధ్య. ఇక్కడ ఒకరే కొట్టారు. అమెరికా పార్లమెంటు కూడా అంతే, 1882 చట్టం గురించి 2011లో సెనేట్, 2012లో దిగువ సభ తీర్మానాలు చేశాయి, వాటిలో వాడిన మాట విచారం. నా మట్టుకు నాకు మాటలో కొంత తక్కువైనా పనిలో ఎక్కువే చేశారనిపించింది, పలకల మీద మేయరు చేశాడనీ, తగలబెట్టారనీ దాచకుండా రాశారు. పులిహోర అక్కడే తిన్నాం. చేపలాయనకి మరదలు ఒక ప్లేటు ఇచ్చింది, ఆయన ఎండుమిరపకాయ కొరికి చాలాసేపు మాట్లాడలేదు.

మూడో రోజు, శనివారం, బెల్లింగ్‌హమ్ మీదుగా సరిహద్దు

తమ్ముడు కూడా వచ్చాడు. ఐ-5 హైవే మీద ఉత్తరానికి గంటన్నర వెళితే బెల్లింగ్‌హమ్. సిటీ హాలూ లైబ్రరీ ఉన్న చోట పచ్చికలో ఎర్ర గ్రానైట్ తోరణం ఒకటి ఉంది. 2018లో పెట్టారు. 1885లో చైనావాళ్ళని, 1907లో మనవాళ్ళని, 1942లో జపాన్‌వాళ్ళని ఈ ప్రాంతం నుంచి పంపించేసిన మూడు సంగతులూ ఒక్క తోరణానికే.

మనవాళ్ళు అన్నాను గానీ వాళ్ళు పంజాబ్ సిక్కులు ఎక్కువ. రంపపు మిల్లుల్లో పనిచేసేవారు. పత్రికలు మాత్రం అందరినీ కలిపి 'హిందువులు' అని రాసేశాయి. 1907 సెప్టెంబర్ 4 రాత్రి నాలుగైదు వందల మంది గుంపు వాళ్ళుండే గదుల మీద పడి, బయటికి లాగి, కొట్టి, కొందరిని ఊరి బయటికి తరిమి, మిగతావాళ్ళని సిటీ హాలు నేలమాళిగలో పడేసింది. పోలీసులు అడ్డుపడలేదు, అది రక్షణ కోసమే అని చెప్పుకున్నారు. రెండు మూడు రోజుల్లో ఊళ్ళో ఒక్క భారతీయుడు మిగల్లేదు. ఆ సిటీ హాలు ఎర్ర ఇటుకల భవనం, 1892లో కట్టింది, ఇప్పుడు మ్యూజియంలో భాగం. చాలా అందంగా ఉంది, పెళ్ళి ఫోటోలు దిగుతున్నారు దాని ముందు. తమ్ముడు మామూలుగా ఇలాంటివాటికి ఫోన్ లోంచి తల ఎత్తడు, ఇక్కడ మాత్రం నేలమాళిగ కిటికీలు ఎటువైపు ఉన్నాయా అని భవనం చుట్టూ నడిచి వచ్చాడు. వాడి గ్రీన్‌కార్డు ఫైలు పన్నెండేళ్ళుగా క్యూలో ఉంది. ఆ మాట వాడూ ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు.

నూరేళ్ళు నిండినప్పుడు, 2007లో, ఊరు జరిగినదానికి విచారం చెబుతూ సెప్టెంబర్ 4ని ఆ జ్ఞాపకానికి కేటాయించింది. తోరణం ఆ తరవాత పదకొండేళ్ళకి. దాని కింద నుంచి దూరి అవతలికి వెళ్ళొచ్చు, పిల్లలు పరుగెత్తుతున్నారు కూడా. పేరులో ఇక్కడ సయోధ్యకి ముందు ఇంకో మాట చేర్చారు, హీలింగ్. గాయం మానడం అన్నమాట. శిల్పంగా అడిగితే నాకు అంత గొప్పగా అనిపించలేదు. మూడు వేరు వేరు బాధలు ఒకే రాయికి సర్దేసరికి ఏదీ పూర్తిగా చెప్పినట్టు లేదు. కానీ రాళ్ళ మీది అక్షరాల్లో నా దేశం పేరు చూడడం వేరు. నిన్న టకోమాలో నేను వేరేవాళ్ళ కథ చదివాను.

సరిహద్దు దగ్గర పీస్ ఆర్చ్ అని తెల్లటి పెద్ద ద్వారం, రెండు దేశాలూ స్నేహంగా ఉన్నాయని 1921లో కట్టింది. లోపలి గోడకి ఇనుప గేట్లు, వాటి మీద 'ఈ గేట్లు ఎప్పటికీ మూతపడకుండుగాక' అన్న అర్థంలో రాసి ఉంది. రెండేళ్ళు కూడా తిరక్కుండానే, 1923 జూలై 1న, కెనడా చైనావాళ్ళకి గేటు మూసేసింది. 1947లో తీసేదాకా అన్నేళ్ళలో లోపలికి రానిచ్చిన చైనీయులు 50 మంది కూడా లేరట. జూలై 1 కెనడా పుట్టినరోజు, జెండాలు ఎగరేసే రోజు, ఇక్కడి చైనావాళ్ళు చాలా ఏళ్ళు దాన్ని అవమాన దినం అనేవారు.

మమ్మల్ని గేటు దగ్గర ఆపి అడిగింది తిండి సామాన్ల గురించి. మరదలు నిజాయితీగా పికిల్ ఉందంది. ఆఫీసర్ దోసకాయలా అన్నాడు. కాదు మామిడికాయ అంటే తాజా పండా అన్నాడు. తమ్ముడికి టెన్షన్, వాడి పాస్‌పోర్ట్‌లో తిరిగి అమెరికా రావడానికి స్టాంపు ఉందా లేదా అని ముప్ఫైసార్లు చూసుకున్నాడు. సీసా చూపించాక ఆయన మూత దగ్గర వాసన చూసి నవ్వి పంపించేశాడు. పిల్ల వెనక సీట్లో తన నీలం అమెరికా పాస్‌పోర్ట్‌తో విసనకర్రలా విసురుకుంటూ కూర్చుంది.

నాలుగో రోజు, ఆదివారం, వాంకూవర్

వాన ఆగింది. వాంకూవర్ చైనాటౌన్ చాలా పెద్దది, పాతది, పక్కనే ఉన్న హేస్టింగ్స్ వీధిలో పేవ్‌మెంట్ల మీద మత్తుకి బానిసలైన పేదవాళ్ళు బారులు తీరి ఉంటారు, కారులోంచి చూస్తేనే కడుపు తరుక్కుపోయింది. పెండర్ వీధి ద్వారం దాటి ముందు సామ్ కీ బిల్డింగ్ చూశాం. కింద అంతస్తు లోతు అయిదు అడుగులు కూడా లేదు. రోడ్డు వెడల్పు పేరుతో నగరం ఒక చైనా వ్యాపారి స్థలంలో చాలా మటుకు తీసేసుకుంటే, మిగిలిన పట్టీ మీదే 1913లో ఆయన ఈ బిల్డింగ్ కట్టి చూపించాడు. పంతం అంటే అది. ఏ నగర పాలకులూ దీన్ని పబ్లిక్ ఆర్ట్ అనరుగానీ నేను అంటాను.

కీఫర్, కొలంబియా వీధులు కలిసేచోట అసలు స్మారకం. చైనీస్‌లో 'మధ్య' అనే అర్థం వచ్చే అక్షరం ఉంటుంది, ఒక పెట్టె, దాన్ని నిలువునా చీలుస్తూ ఒక గీత, చైనా అన్న పేరు మొదలయ్యేదే దానితో. ఆ అక్షరం ఆకారంలో నడుమ స్తంభం, అటూ ఇటూ రెండు కంచు బొమ్మలు. ఒకడు రైల్వే కూలీ, ఇంకొకడు రెండో ప్రపంచయుద్ధం సిపాయి. 2003లో పెట్టారు. కూలీ బొమ్మ దగ్గర చాలాసేపు నిలబడ్డాను.

కెనడియన్ పసిఫిక్ రైల్వేలో ఈ రాష్ట్రం, అంటే బ్రిటిష్ కొలంబియా, భాగం, కొండలు పేల్చి వేసిన దారి, 1880 నుంచి 1885 దాకా కనీసం పదిహేను వేల మంది చైనా కూలీలు చేశారు. కొన్ని వందల మంది చనిపోయారు. చివరి మేకు కొట్టింది 1885 నవంబర్ 7న. టకోమాలో వానలో నడిపించింది నవంబర్ 3న. అది మేము మొన్న చూసొచ్చిన చోటు! నాలుగు రోజుల తేడా. పిల్ల వేళ్ళ మీద లెక్కపెట్టి ఆ రెండు తేదీలూ ప్రాజెక్ట్ మొదటి పేజీకి ఎక్కించేసింది. అదే ఏడు కెనడా ప్రభుత్వం పని అయిపోయింది కదా అని ఇక వచ్చే ప్రతి చైనావాడి తలకి 50 డాలర్ల పన్ను పెట్టింది. 1900లో 100 చేసింది, 1903లో 500. ఆ రోజుల్లో 500 అంటే కూలివాడికి రెండేళ్ళ సంపాదన. సుమారు 82,000 మంది అలా కట్టి లోపలికి వచ్చారు. మగవాడు ఒక్కడూ వచ్చి, అప్పు తీర్చి, భార్యకి పన్ను కూడబెట్టేలోపు 1923 చట్టం వచ్చి పడింది. అప్పటికే దేశంలో ఉన్నవాళ్ళు, ఇక్కడ పుట్టిన పిల్లలతో సహా, పేరు నమోదు చేయించుకోవాలి. ఆ ఫోటో అంటించిన కాగితాల గురించి దగ్గర్లోని చైనీస్ కెనడియన్ మ్యూజియంలో తెలుసుకున్నాం, ఆ మ్యూజియం తెరిచింది కూడా 2023 జూలై 1న, కావాలనే ఆ తేదీ పట్టుకున్నారు.

సిపాయి బొమ్మ కథ ఇంకో రకం. ఓటు లేని మనుషులు యుద్ధానికి వెళ్ళి, తిరిగొచ్చి, మా ఓటు ఏదీ అని అడిగారు. 1947లో ఓటు వచ్చింది, ఆ ఏడే ఈ రాష్ట్రంలో మన భారతీయులకీ వచ్చింది. ఈ సంగతి మనవాళ్ళలో ఎంతమందికి తెలుసో.

క్షమాపణ ఈ దేశంలో మూడు మెట్ల మీద వచ్చింది. 2006 జూన్‌లో ప్రధాని హార్పర్ పార్లమెంటులో చెప్పాడు, ఒక ముక్క కాంటనీస్‌లో కూడా అన్నాడు, తలపన్ను కట్టి అప్పటికి బతికి ఉన్నవాళ్ళకో, వాళ్ళ భార్యలకో భర్తలకో తలా 20,000 డాలర్లు ఇచ్చారు, అప్పటికి ఎంతమంది మిగిలి ఉంటారు చెప్పండి. 2014 మేలో రాష్ట్రం చెప్పింది, తాను చేసిన వివక్ష చట్టాలన్నీ వెతికి లెక్క తీయించి మరీ. 2018 ఏప్రిల్ 22న వాంకూవర్ నగరం, ఈ చైనాటౌన్‌లోనే, మేయరు నిలబడి ఓటు తీసేసినది, నగరం ఉద్యోగాలు ఇవ్వనిది, ఈత కొలనులో కలవనివ్వనిది, శ్మశానంలో వేరుగా పాతిపెట్టించినది వరసగా ఒప్పుకున్నాడు. చైనీస్ మాండలికాల్లో కూడా చదివించారు. ఈ జాబితా చదువుతూ ఉంటే మొదటిరోజు రాత్రి మా సంభాషణ గుర్తొచ్చింది. ఇది తప్పైంది అనే రకం. ఏం చేశామో పేరు పెట్టి చెప్పడం. కూలీ బొమ్మ మాత్రం నగరం నోరు తెరవడానికి పదిహేనేళ్ళ ముందే వచ్చి నిలబడి ఉంది. 2020లో కరోనా పేరుతో దగ్గర్లోని చైనీస్ కల్చరల్ సెంటర్ అద్దాల మీద ద్వేషపు రాతలు రాశారు, అదీ ఈ క్షమాపణ అయిన రెండేళ్ళకే.

సాయంత్రం సముద్రం ఒడ్డున కోల్ హార్బర్‌లో కోమగాట మారు స్మారకానికి వెళ్ళాం. 1914 మేలో 376 మంది భారతీయులతో వచ్చిన ఓడని రెండు నెలలు నీళ్ళలోనే నిలబెట్టి, జూలై 23న వెనక్కి పంపిన చోటు. గోడ మీద అందరి పేర్లూ ఉన్నాయి. తమ్ముడు పేరు పేరునా చదువుతూ వెళ్ళాడు, సింగ్, సింగ్, సింగ్, మధ్యలో ఎక్కడో ఒక ముస్లిం పేరు. టకోమాలో 27 మంది నిందితులకీ పేర్లూ ఫోటోలూ ఉన్నాయి, తరిమేసిన 200 మందిలో పేరు తెలిసినవాళ్ళు కొద్దిమందే.

అక్కడే పిల్ల అడిగింది, ఇండియాలో ఎవరైనా చైనీస్‌కి సారీ చెప్పారా అని. ఎందుకు చెప్పాలి అనబోయి ఆగాను. 1962 యుద్ధం అప్పుడు అస్సాం నుంచి, బెంగాల్ నుంచి, తరాలుగా మన దేశంలోనే పుట్టి పెరిగిన సుమారు మూడు వేల మంది చైనా సంతతివాళ్ళని రైళ్ళలో రాజస్థాన్‌లోని దేవళీ క్యాంపుకి తరలించి, కొందరిని ఏళ్ళ తరబడి ఉంచారు. తిరిగొచ్చేసరికి ఇళ్ళూ కొట్లూ వేలమైపోయాయి. వాళ్ళలో చాలామంది తరవాత కెనడాకే వలస వచ్చేశారు, ఇక్కడి నుంచే ఢిల్లీని అడుగుతున్నారు, మాకు ఒక్క మాట చెప్పండని. ఇంతవరకు ఏ ప్రభుత్వమూ చెప్పలేదు.

అది చెప్తూ చెప్తూ ఉండగా కాకినాడలో నా చిన్నప్పటి పళ్ళ డాక్టరు గుర్తొచ్చాడు. చైనా డాక్టరు. అప్పట్లో చాలా ఊళ్ళలో పళ్ళ డాక్టరంటే చైనావాళ్ళే ఉండేవారు. గాజు అల్మారాలో కట్టుడు పళ్ళు, ఆయన శుభ్రమైన తెలుగు, "నోరు తెరువమ్మా, ఏం కాదు". ఆయనకి 62లో ఏమైంది? యాభై ఏళ్ళలో ఒక్కసారి కూడా నాకు ఈ ప్రశ్న రాలేదు.

ఐదో రోజు, సోమవారం, తిరుగు ప్రయాణం

పిల్ల స్కూలు డుమ్మా, తమ్ముడు ఫోన్లోనే మీటింగ్. సరిహద్దులో గంటంపావు క్యూ. ఈసారి ఆవకాయ గురించి ఎవరూ అడగలేదు.

దారిలో ఒక రెస్ట్ ఏరియాలో ఆగి నాన్నకి ఫోన్ చేశాను, అక్కడ రాత్రి పదిన్నర దాటింది, నిద్రలోంచి లేచి ఏమైందమ్మా అని కంగారు. చైనా పళ్ళ డాక్టరు గుర్తున్నాడా నాన్నా అంటే నవ్వాడు. "ఎందుకు గుర్తులేదు, నా పన్ను పీకితే నాకే తెలీలేదు." 62లో ఏమన్నా ఇబ్బంది పెట్టారా ఆయన్ని అని అడిగాను. కాసేపు ఆలోచించాడు. "ఊరు దాటాలంటే స్టేషన్‌కి వెళ్ళి చెప్పి రావాల్సి వచ్చేదట. పోలీసులు అప్పుడప్పుడూ వచ్చి కూర్చునేవాళ్ళు కొట్లో. మేము కొన్నాళ్ళు వెళ్ళడం మానేశాం. ఎందుకు మానేశామో గుర్తులేదు. మళ్ళీ మీ అమ్మకి పన్ను నొప్పొస్తే వెళ్ళాం." ఆయన ఏమీ అనలేదా? "ఏమంటాడు, నోరు తెరవమన్నాడు."

పిల్ల స్పీకర్‌లో వింటూ నోట్‌బుక్ తీసింది. "తాతా, వాట్ వాజ్ హిజ్ నేమ్?" నాన్న "పేరా..." అని ఆగాడు. బోర్డు మీద ఇంగ్లీషులో ఉండేదని, రెండు ముక్కల పేరని, అందరం చైనా డాక్టరనే అనేవాళ్ళమని, పక్కింటి వాళ్ళబ్బాయి ఇంకా ఆ వీధిలోనే ఉన్నాడు, వాణ్ణి అడిగి చెప్తానని అన్నాడు.

ఇది రాసేసరికి వారం అయింది. పక్కింటివాళ్ళబ్బాయికి కూడా గుర్తులేదట.